పాత కారు - పావు మైలు - మా మనవడు

(సంఘం వార్షిక సభ మధ్యాహ్న కార్యక్రమంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చిన పాఠం.)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి విపులంగా చెప్పారు. భోజనాల తర్వాత మాట్లాడే భాగ్యం నాకు దక్కింది. ఓళిగలు తిన్న సభను నిద్ర పోనీయకుండా చూసే పూచీ నాదేనని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. అందుకని మీలో ఎవ్వరూ అడగని విషయం ఎత్తుకుంటున్నాను. అది కార్ల పందెం. దాన్ని డ్రాగ్ రేసు అంటారు. ఆ పందేనికి తక్కువ ధరలో పాత కారును ఎట్లా ఎన్నుకోవాలనేదే నా ఉపన్యాస విషయం.

"ఈ వయసులో ఈయనకు ఇదేం పిచ్చి?" అని ముందు వరుసలో ఒకరిద్దరు ముఖాలు చూసుకుంటున్నారు. పిచ్చి నాది కాదు, మా మనవడిది. నేను కె.సి. కెనాల్ మీద తిరిగే జీపులకు, ఆ తర్వాత వచ్చిన జిప్సీలకు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషినని మీలో చాలామందికి తెలుసు. సుంకేసుల నుండి కడప దాకా ఏ కాలువ గట్టు మీద ఏ బండి ఆగిపోయినా స్పానరు పట్టుకొని వెళ్ళినవాణ్ణి. ఆ నూనె వాసన మా అబ్బాయికి అంటలేదు. వాడు బడిపంతులయ్యాడు. వాడి కొడుక్కు మాత్రం పుట్టుకతోనే అంటింది.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి పన్నెండు దాటాక మా ఇంటికి ఫోను వచ్చింది. మనవడూ, వాడి స్నేహితులూ బైపాసు రోడ్డు మీద రెండు కార్లతో పందెం వేసుకున్నారు. మావాడి పక్క బండి డివైడరు ఎక్కింది. అది నడుపుతున్న కుర్రవాడికి తొడ ఎముక, భుజం ఎముక విరిగాయి. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మావాడు వరండాలో నేల మీద కూర్చొని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. "తాతా, నా బండి ముందుండాది, అందుకే బతికినా," అన్నాడు. ఆ మాట విని నాకు కోపం రాలేదు, కాళ్ళు వణికాయి.

ఇంట్లో అందరూ వాణ్ణి తిట్టారు. తాళాలు తీసుకున్నారు. వారం తర్వాత వాడు ఇంకొకడి బండిలో మళ్ళీ ఆ రోడ్డు మీదికే పోయాడని నాకు తెలిసింది. అప్పుడు ఆలోచించాను. తిడితే పోయే జబ్బు కాదిది. వాణ్ణి పిలిచి ఒక ఒప్పందం చేసుకున్నాను. రోడ్డు మీద పందెం పెట్టనని ప్రమాణం చెయ్యాలి. చేస్తే, పందేనికి కట్టిన ట్రాకు మీద నడపడానికి ఒక పాత కారు నేనే వెంట వచ్చి కొనిపెడతాను. మొత్తం ఖర్చు లక్షా యాభై వేలు దాటకూడదు. ఆ డబ్బు నా ఫిక్స్‌డ్ డిపాజిట్‌ది. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ముందు ముందు మనవి చేస్తాను.

ముందు అసలు డ్రాగ్ రేసు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. తిన్నని దారి ఉంటుంది. పక్కపక్కన రెండు బండ్లు నిలబడతాయి. మలుపులు లేవు, చుట్లు లేవు. నిలబడిన చోటి నుండి పావు మైలు, అంటే 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. ఎవరు ముందు గీత దాటితే వారిది గెలుపు. మొత్తం వ్యవహారం పదిహేను, ఇరవై సెకన్లలో ముగిసిపోతుంది. సరదాగా చెప్పాలంటే మన పెన్షన్ వచ్చి పోయినంత సేపు.

ఇది అమెరికాలో, కాలిఫోర్నియా ఎండు చెరువుల నేలల మీద పుట్టిన ఆట. అక్కడి కుర్రవాళ్ళు చవగ్గా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, బరువు విప్పేసి, ఇంజనుకు సాన పట్టి పరుగెత్తించేవారు. ఊరి రోడ్ల మీదికి కూడా ఆ పిచ్చి పాకి ప్రాణాలు పోసాగాయి. వారిని రోడ్ల మీద నుండి తప్పించి ఒక క్రమంలో పెట్టాలని 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అంటే నాకు ఎదురైన చిక్కే ఆయనకూ అప్పుడు ఎదురైందన్న మాట.

మన దక్షిణాదిలో ఇటువంటి వేగపు పోటీలకు పాత పేరు షోలవరం. మద్రాసుకు ఉత్తరాన రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల పట్టీ అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు అక్కడ ఎన్నో ఏళ్ళు పందేలు నడిపి, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో స్వంత ట్రాకు తెరిచారు. మాకు అందుబాటులో కనిపించింది అదే.

మన సీమవాళ్ళకు ఈ పోటీ అర్థం కావడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూడనివారు ఈ సభలో ఎవరున్నారు? పాలపళ్ళ ఎద్దులకు ఒక తరగతి, రెండు పళ్ళవాటికి, నాలుగు పళ్ళవాటికి, ఆరు పళ్ళవాటికి వేరువేరు తరగతులు. ఇక్కడ పళ్ళు లెక్కపెడతారు, అక్కడ ఇంజను సీసీలు లెక్కపెడతారు. అంతే తేడా. మా నాయన ఎద్దుల బేరానికి పోతే కొమ్ములకు పూసిన రంగు చూసేవాడు కాదు. గిట్టలు చూసేవాడు, నడిపించి చూసేవాడు. ధర తక్కువ చెబితే ఇంకా జాగ్రత్త పడేవాడు. "తక్కువకు ఇస్తాండాడంటే ఎందుకిస్తాండాడో కనుక్కోరా. ఆ కారణంతో నువ్వు బతకగలిగితే కొను, లేకుంటే తువ్వాలు దులుపుకొని లేసిరా," అనేవాడు. ఈనాటి నా ఉపన్యాసం మొత్తం ఈ ఒక్క మాటే. మిగిలిందంతా వివరణ.

ఏ కారు కొనాలి? ఎద్దుల వాడి లెక్కనే చెబుతాను. ఇంజనుకు ఇన్ని గుర్రాల బలం అంటారు కదా. ఒక్కో గుర్రం ఎన్ని కిలోలు లాగాలో చూడండి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, బలం 37 గుర్రాలు. అంటే గుర్రానికి పదిహేడున్నర కిలోలు. ప్రీమియర్ పద్మిని అయితే 40 గుర్రాలకు దాదాపు తొమ్మిది వందల కిలోలు. గుర్రానికి ఇరవై రెండు. జెన్ కారుకు సుమారు పదిహేను. 1999 నుండి వచ్చిన 85 గుర్రాల మారుతి ఎస్టీమ్‌కు మాత్రం పది, పదిన్నర కిలోలే. 1998లో వచ్చిన మొదటి హోండా సిటీ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కానీ విడి భాగాలు ఖరీదు. ఎస్టీమ్ తయారీ 2007లో ఆగిపోయినా, అదే కుటుంబపు 1,300 సీసీ ఇంజను జిప్సీలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వచ్చింది కాబట్టి సామాను దొరుకుతుంది. జిప్సీ ఇంజను నా చేతికి అలవాటైనది కూడా.

ఎస్టీమ్‌కు ఒక లోపం ఉంది. అది ముందు చక్రాలతో లాగే బండి. ఒక్కసారిగా ఎగదోస్తే బరువు వెనక్కు పోయి ముందు చక్రాలు నేలను పట్టవు, ఊరికే గిర్రున తిరుగుతాయి. అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా వంటి వెనుక చక్రాల బండ్లకు ఈ బాధ తక్కువ. అయితే వాటిని ముచ్చటపడి దాచుకొనేవారు పెరిగారు, మంచివి చవగ్గా దొరకవు. లోపం తెలిసి కొంటే లోపం కాదు. కాలు నిదానంగా తొక్కడం నేర్చుకుంటే సరిపోతుంది. కనుక ఎస్టీమ్ అని నిర్ణయించాం.

ఇక మా ఇంటావిడ ఎందుకు అడ్డం చెప్పిందో విన్నవిస్తాను. 1987లో నేను ఒక పాత ఫియట్ కారు కొన్నాను. ధర తక్కువ. చేతిలో పని ఉందన్న గర్వం. ఇంజను విప్పి, బోరు చేయించి, కార్బురేటరు శుభ్రం చేసి, గడియారంలా పలికించాను. బ్రేకు డ్రమ్ములు అరిగాయని నాకు తెలుసు. వచ్చే నెల కరువు భత్యం బకాయి వస్తుంది, అప్పుడు చూద్దామనుకున్నాను. ఆ మధ్యలో శివరాత్రి వచ్చింది. శ్రీశైలం ఘాట్లో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పెడలు నేలకు అంటుకుంది. గేరు తగ్గించి, బండిని కొండ వైపు ఒరిపించి ఆపాను. మా ఇంటావిడ కుడి మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. ఈనాటికీ ఆమె రాగి సంగటి ఎడమ చేత్తోనే కెలుకుతుంది. తప్పు ఆ బండి అమ్మినవాడిది కాదు, ఫియట్‌ది కాదు. ఇంజనుకు ఇచ్చిన డబ్బు బ్రేకుకు ఇవ్వని నాది. ఆమె చివరకు ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "ముందు ఆగేది చూడు, తర్వాత పరుగెత్తేది చూడు," అంది.

అట్లా తాతా మనవళ్ళం బయలుదేరాం. మొత్తం మూడు బండ్లు చూశాం. ఆ మూడింటి కథ చెబితే మీకు పరీక్షలన్నీ తెలిసిపోతాయి. పందేనికి కాకున్నా, ఇంటికి పాత బండి కొనేవారికి కూడా పనికొస్తాయి.

మొదటిది కర్నూలులోనే. వెండి రంగు, కొత్త పెయింటు, లావు సైలెన్సరు. స్టార్టు చేస్తే వీధి కుక్కలు లేచాయి. మావాడి కళ్ళు మెరిశాయి. "తాతా, దీని సౌండు సూడు తాతా! ఇదే తీసుకుందాం." ధర డెబ్బై వేలు. మైకా పలకలా మెరుస్తున్న ఆ బండికి ఆ ధర తక్కువ. ఎందుకు తక్కువ? నేను ముందు సీటు బెల్టు పట్టుకొని చివరిదాకా బయటికి లాగాను. ఎప్పుడూ చుట్టలో ఉండిపోయే ఆ ఆఖరి మూరెడు మీద అడ్డంగా మట్టి చార కనిపించింది. కార్పెట్టు లేపితే సందుల్లో సన్నని ఒండ్రు. సీటు కింది స్ప్రింగులు తుప్పు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రి కర్నూలును ముంచినప్పుడు మనలో ఎందరి ఇళ్ళు మునిగాయో మీకు తెలుసు. ఆ బండీ నీళ్ళలో నిలిచిన బండే. అమ్మేవాడిని మెల్లగా అడిగితే, తనకంటే ముందున్న యజమాని కాలంలో జరిగిందని ఒప్పుకున్నాడు. మునిగిన బండికి పెయింటు వేయవచ్చు, వైర్ల లోపలికి పోయిన బురదను ఎవరూ తీయలేరు. అది ఎప్పుడు ఏది మాడ్చుతుందో చెప్పలేం. ఆ కారణంతో మేము బతకలేము. తువ్వాలు దులుపుకొని లేచాం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు కూడా ఎన్నో బండ్లు మునిగాయి. కడప, రాజంపేట వైపు కొనేవారు ఈ బెల్టు పరీక్ష మరువకండి.

రెండోది మద్రాసు నుండి వచ్చిన బండి. ఇంజను నిజంగా బాగుంది. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ గేజి పెట్టి చూశాను. అంకెల మధ్య తేడా నూటికి పది కూడా లేదు. నూటికి పదిహేను దాటితే అనుమానించాలి. నూనె మూత కింద మీగడలాంటి తెల్లని జిగురు ఉంటే నీళ్ళు నూనెలో కలుస్తున్నట్లు. అదీ లేదు. అయితే బానెట్టు తెరిచి ముందు షాకబ్జార్బర్ల తల బిగించే చోట స్క్రూ డ్రైవరుతో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది. సముద్రపు గాలి తిన్న బండి అది. గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపుల అడుగున పెడితే అంటుకోలేదు. అంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. పావు మైలు పందెంలో బండి మొత్తం ఒక్క క్షణంలో మెలి తిరిగినంత పని అవుతుంది. ఎముక లేనివాడికి ఎంత కండ ఉంటే ఏం లాభం? "ఇంజను కొంటే దొరుకుతుంది నాయనా, అస్థిపంజరం దొరకదు," అని చెప్పాను. దాన్నీ వదిలేశాం.

మూడోది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెలో, రిటైరైన ఒక ఉపాధ్యాయుని ఇంటి వేపచెట్టు కింద ఉంది. 2003 మోడలు, ఏపీ 04 నంబరు. చూడగానే మావాడి ముఖం ముడుచుకుపోయింది. పెయింటు ఎండకు పాలిపోయి సున్నం వేసినట్లుంది. డాష్‌బోర్డు బీటలు వారింది. ఏసీ లేదు. తలుపుల రబ్బరు చేతికి పొడిగా రాలింది. టైర్ల పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చదివాను. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. తొమ్మిదేళ్ళ కిందటి టైర్లు. మన పొడి నేల గుణం ఇది. ఇనుమును కాపాడుతుంది, రబ్బరును తినేస్తుంది. రబ్బరు మార్చుకోవచ్చు. ఆయన వాకిలి నిండా కడప బండలు సమంగా పరిచి ఉన్నాయి. బండిని వాటి మీద నిలబెట్టి, ముందు చక్రం నుండి వెనుక చక్రానికి రెండు వైపులా దారంతో కొలిచాం. వెంట్రుకంత తేడా లేదు. తలుపుల సందులు పై నుండి కింది దాకా ఒక్క తీరుగా ఉన్నాయి. డిక్కీ కింద కంపెనీ వెల్డింగు చుక్కలు చెదరలేదు. ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోయింది. పదిహేనేళ్ళు నిండాక చేయించాల్సిన రెన్యూవల్ కూడా చేయించి ఉంది, బ్యాంకు అప్పు రాత లేదు.

లోపం ఏమిటంటే మూడో సిలిండరు బలహీనం. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా నూనె పోసి మళ్ళీ చూస్తే ముల్లు లేచింది. అంటే పిస్టన్ రింగులు అరిగాయి. వాల్వు అయితే నూనె పోసినా లేవదు. ఎయిర్ ఫిల్టరు విప్పితే తెలిసింది, పొలాల దుమ్ము ఏళ్ళ తరబడి తిన్నది. ఆయన ఏదీ దాచలేదు. "పొగ తాగుతుంది స్వామీ, అందుకే తక్కువకు ఇస్తాండా," అన్నారు. యాభై ఎనిమిది వేలకు బేరం కుదిరింది. ఎందుకు తక్కువో తెలిసింది. ఆ కారణంతో మేము బతకగలం. కొన్నాం.

ఇప్పుడు ఖర్చు లెక్క. పెన్షనర్ల సభలో లెక్క చెప్పకుండా దిగితే మర్యాద కాదు. బండి 58 వేలు. మా ఇంటావిడ మాట ప్రకారం మొదట బ్రేకులు: డిస్కులు, ప్యాడ్లు, వెనుక షూలు, మాస్టరు సిలిండరు, గొట్టాలన్నీ కొత్తవి, 16 వేలు. టైర్లు 14 వేలు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, పెట్రోలు గొట్టాలు 8 వేలు. ఈ పెట్రోలు గొట్టాల సంగతి అశ్రద్ధ చేయకండి. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుస్తోంది. అది పాత బండ్ల రబ్బరుకు పడదు. ఆ తర్వాతే ఇంజను రింగులు, హెడ్డు పని 26 వేలు. హెల్మెట్టు, మంటకు తట్టుకొనే దుస్తులు, గట్టి బెల్టులు 22 వేలు. మొత్తం 1,44,000. వెనుక సీట్లు, స్పేర్ టైరు, కార్పెట్టు, ఏసీ తాలూకు మిగిలిన సామాను విప్పేస్తే దాదాపు ఎనభై కిలోలు తగ్గింది. దానికి కానీ ఖర్చు లేదు. లెక్క ప్రకారం అర సెకను కలిసొచ్చే పని అది.

అక్కడ నేను ఒక లెక్క తప్పాను. బాడీ, ఇంజను మార్చిన బండిని రోడ్డు మీద నడపరాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి ట్రాకు దాకా లారీ మీద మోయించాలి. బాడుగ 18 వేలు. నా హద్దు పన్నెండు వేలు దాటింది. ఆ పన్నెండు వేలు మనవడు తన జీతంలో నుండి నాలుగు నెలల్లో తీర్చాడు. పందేనికి బండి కొనేవారు బాడుగను మొదటి వరసలోనే రాసుకోవాలి.

అదే చట్టంలో 189వ సెక్షన్ కూడా పిల్లలు వినాలి. రోడ్డు మీద పందెం పెడితే, 2019 సవరణ తర్వాత, మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది దాకా జైలు లేదా పది వేలు లేదా రెండూ. జరిమానా కట్టవచ్చు, జైలు నుండి బయటికి రావచ్చు. నేను మావాడికి చెప్పింది వేరే లెక్క. మన ఎస్టీమ్ పావు మైలు చివర సుమారు 130 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే సెకనుకు 36 మీటర్లు. కంటికి కనపడి, కాలు బ్రేకు మీదికి పోయేలోగా ఒక సెకను, 36 మీటర్లు అయిపోతాయి. బ్రేకులు బాగుంటే ఇంకో 95, బాగలేకుంటే 130 మీటర్లు. బైపాసు మీద ఆ 166 మీటర్లలో వెనుక దీపం లేని వేరుశనగ ట్రాక్టరు ఉండదని ఎవరు పూచీ? 2008లో అమెరికాలో స్కాట్ కలిట్టా అనే ఆరితేరిన పోటీదారు ప్రమాదంలో మరణించాక, అక్కడ అన్నిటికన్నా వేగమైన బండ్లకు పావు మైలును వెయ్యి అడుగులకు తగ్గించారు. పరుగును కురచ చేసి ఆగే చోటును పొడిగించారన్న మాట. అంత అనుభవం ఉన్నవారే ఆగే చోటు గురించి అంత ఆలోచిస్తే, మన కుర్రవాళ్ళు అసలు ఆలోచించకపోవడం ఏమి న్యాయం?

పోటీ రోజున నేనూ వెళ్ళాను. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా వారి లైసెన్సు తీసుకుంటేగానీ దిగనివ్వరు. బండిని పరీక్షించే అధికారి బ్రేకులు, బెల్టులు, బ్యాటరీ బిగింపు చూశాడు. "ఎవరు చేశారు?" అని అడిగాడు. మావాడు నా వైపు చూపించాడు. రిటైరైన ఇన్నేళ్ళ తర్వాత ఎవరో నా పనిని తనిఖీ చేసి తల ఊపడం నాకు ఎంత సంతోషమో మీకు వేరే చెప్పనక్కరలేదు. అంబులెన్సు, మంటలార్పే మనుషులు, రెండు వైపులా అడ్డు గోడలు, గీత దాటాక ఆగడానికి బోలెడంత దారి. ఎండ ముదరకముందే పరుగు పెట్టమన్నాను. ఇరవై డిగ్రీల చల్లగాలి కంటే నలభై రెండు డిగ్రీల వేడిగాలి నూటికి ఏడు పాళ్ళు పలుచన. ఇంజనుకు ఊపిరి అంత తగ్గుతుంది.

వాడు మూడుసార్లు పరుగెత్తాడు. మొదటిసారి చక్రాలు గిర్రున తిరిగి 18.1 సెకన్లు. రెండోసారి 17.6. మూడోసారి 17.4. నా లెక్క పదహారున్నర. పదకొండు బండ్లలో మావాడిది తొమ్మిదో స్థానం. మొదట వచ్చిన బండికి మా మొత్తం ఖర్చు ఇంజనుకే అయి ఉంటుంది. ఓడినందుకు వాడు ఏడుస్తాడేమో అనుకున్నాను. చెమటతో హెల్మెట్టు తీసి, "తాతా, క్లచ్చు మెల్లగా వదిలితే ఇంకో అర సెకను వస్తాది," అన్నాడు. బైపాసు మీద పందెం కట్టేవాడి మాట కాదది. పని నేర్చుకునేవాడి మాట.

ఇంటికి ఫోను చేశాం. వాడు అవ్వతో 17.4 అని, 128 కిలోమీటర్ల వేగమని ఏవేవో చెబుతున్నాడు. ఆమె అదేమీ వినిపించుకోలేదు. "అదంతా సరే నాయనా, ఆగిందా?" అని అడిగింది. "ఆగింది అవ్వా," అన్నాడు. "అయితే ఇంటికి రండి," అని ఫోను పెట్టేసింది.

సోదరులారా, మన ఇళ్ళల్లో ఇటువంటి పిల్లలు ఉన్నారు. వాళ్ళ చేతిలో వేగం ఉంది. మన చేతిలో బ్రేకు వేసే వయసు ఉంది. తాళాలు లాక్కుంటే ఇంకొకడి తాళాలు తెచ్చుకుంటారు. వాళ్ళతో కూర్చొని బండి అడుగున దూరి చూస్తే, మనం చెప్పేది నాలుగు మాటలైనా వింటారు. ఆ రాత్రి తొడ ఎముక విరిగిన కుర్రవాడు కొద్దిగా కుంటుతూనే ఇప్పుడు ప్రతి ఆదివారం మా షెడ్డుకు వస్తున్నాడు. స్పానరు పట్టడం వాడికి నేనే నేర్పుతున్నాను.

మీ ఇళ్ళల్లో ఎవరైనా పందేనికి గానీ, ఇంటికి గానీ పాత బండి కొనదలిస్తే, బయానా ఇవ్వకముందు నాకు కబురు పెట్టండి. కంప్రెషన్ గేజి, అయస్కాంతం, దారపు ఉండ పట్టుకొని వస్తాను. ఫీజు లేదు. ఒక గ్లాసు మజ్జిగ చాలు.